రాత్రిపూట గేటు దగ్గరున్న మనిషిని పోల్చుకోవడానికి గన్ లైటు: ఏది తీసుకోవాలి?

మేకల_దొడ్డి (ఆబ్రీ, టెక్సాస్)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్ళుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. పోయిన వేసవిలో ఆబ్రీ అవతల 5 ఎకరాల్లో ఇల్లు కట్టుకున్నాం. 11 మేకలు, ఓ 20 కోళ్ళు. వీధి దీపాల్లేవు, అమావాస్య రోజుల్లో పెరట్లో మన చెయ్యి మనకే కనపడదు. వరండా నుంచి గేటుకి 200 అడుగులు (టేపు పెట్టి కొలిచాను), గ్యారేజీ ముందు వాకిలి చివరికి 45 అడుగులు.

మొన్న శనివారం రాత్రి ఒంటిగంటన్నరకి గేటు దగ్గర ఒక పికప్ ఆగింది. ఎవరో దిగారు. ఫోన్ లైటు వేశాను. మనిషి ఉన్నాడని తెలిసింది, అంతకు మించి ఏమీ తెలియలేదు. ఇటు వస్తున్నాడా, అటు పోతున్నాడా, చేతిలో ఏముంది, ఏదీ అర్థం కాలేదు. ఒక నిమిషానికి బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ నిమిషం మాత్రం ఇంకా నన్ను వదల్లేదు.

నాకు గ్రీన్ కార్డు ఉంది, గ్లాక్ 19 పిస్టలు ఉంది, ఎల్‌టీసీ (తుపాకీ వెంట ఉంచుకునే లైసెన్స్) క్లాసు కూడా చేశాను. దాని మీదకి లైటు కావాలి. పిస్టలుకి బిగించే లైట్లలో టీఎల్ఆర్-7ఏ, టీఎల్ఆర్-1 హెచ్ఎల్, సర్‌ఫైర్ ఎక్స్300 చూస్తున్నాను. 1000 ల్యూమెన్లుంటే 200 అడుగులకి సరిపోతుందా?

లక్స్_లెక్క (ప్లేనో, టెక్సాస్)
ఆదివారం, రాత్రి 10:25

స్వాగతం అన్నా. దూరాలు కొలిచి రాసినందుకు ముందు థాంక్స్. అవి లేకుండా అడిగేవాళ్ళకి ఎవరం ఏమీ చెప్పలేం.

ల్యూమెన్లు చూసి కొనకు. లైటులోంచి మొత్తం ఎంత వెలుగు బయటికొస్తుందో చెప్పేది ల్యూమెన్. ఆ వెలుగు ఒక దిక్కుకి ఎంత గట్టిగా వెళ్తుందో చెప్పేది కాండెలా. పొలానికి నీళ్ళు పెట్టేటప్పుడు పైపు మూతి వేలితో నొక్కితే ధార దూరం పోతుంది కదా, నీళ్ళు అవే. దూరంలో మనిషిని చూడాలంటే నీకు కావాల్సింది ధార.

సర్‌ఫైర్ వాళ్ళవే రెండు చూడు. ఎక్స్300యూ 1000 ల్యూమెన్లు, 11,300 కాండెలా. ఎక్స్300 టర్బో 650 ల్యూమెన్లే, కానీ 66,000 కాండెలా. ల్యూమెన్లు తగ్గాయి, ధార ఆరు రెట్లు దగ్గరగా పెరిగింది.

లెక్క తేలికే. కాండెలాని దూరం వర్గంతో (మీటర్లలో) భాగిస్తే అక్కడ పడే వెలుగు లక్స్‌లో వస్తుంది. నీ గేటు 61 మీటర్లు. టీఎల్ఆర్-7ఏ 5,000 కాండెలా, అంటే గేటు దగ్గర 1.3 లక్స్. ఎక్స్300యూ 3 లక్స్. టీఎల్ఆర్-1 హెచ్ఎల్ ఇప్పుడొచ్చేది 20,000 కాండెలా, 5.4 లక్స్. టర్బో దాదాపు 18 లక్స్. (పాత టీఎల్ఆర్-1 హెచ్ఎల్ కాండెలా ఇంతకంటే తక్కువ. వాడినది కొంటే అడిగి తీసుకో.)

ఇంకో మాట. టీఎల్ఆర్-1 హెచ్ఎల్ డబ్బా మీద "283 మీటర్ల దూరం" అని ఉంటుంది చూడు, అది అబద్ధం కాదు గానీ దాని అర్థం వేరు. అంత దూరంలో 0.25 లక్స్ పడుతుందని అర్థం. అంటే పౌర్ణమి వెన్నెలంత. వెన్నెల్లో మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ చేతిలో ఫోనుందో కత్తుందో తెలుస్తుందా? నా లెక్కలో డబ్బా మీద రాసిన దూరంలో ఐదో వంతు కూడా మనిషిని పోల్చుకోవడానికి పనికిరాదు.

గుత్తి_కోట (ఆస్టిన్, టెక్సాస్)
ఆదివారం, రాత్రి 11:02

లెక్క బాగుందన్నా, కానీ ఇంటి చుట్టుపక్కల ఉన్న నిజం వేరే. నేను టర్బో వాడినా. దూరానికి దానికి తిరుగులేదు, ఆ మాట ఒప్పుకుంటా. కానీ మధ్యలో చిన్న గుండ్రం వెలుగు, చుట్టూ అంతా చీకటే. 45 అడుగుల దగ్గర మనిషి మొహం మీద వేస్తే వాడి పక్కన ఇంకొకడు నిలబడినా సరిగ్గా కనపడడు. అదే లైటు ఇంట్లో హాల్లో వేసినా అంటే తెల్లగోడ మీద పడి మనకే కండ్లు మూసుకపోతాయి.

గేటు 200 అడుగులున్నా, పిస్టలు తీయాల్సి వచ్చే దూరం అది కాదు కదన్నా. పిస్టలుకు టీఎల్ఆర్-1 హెచ్ఎల్ చాలు. చుట్టూ పరుచుకునే వెలుగు కూడా బాగుంటుంది.

రేంజ్_సేఫ్టీ_శ్రీను (హ్యూస్టన్, టెక్సాస్)
సోమవారం, ఉదయం 6:15

ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ అసలు సంగతి ఎత్తలేదు. బాధగా ఉంది.

తమ్ముడూ, శనివారం రాత్రి నీ గ్లాక్ మీద మంచి లైటు ఉందనుకో. ఆ పికప్ మనిషిని చూడటానికి ఏం చేసేవాడివి? లైటు అతని మీదకి తిప్పేవాడివి. లైటుతో పాటు గన్ మూతి కూడా అతని మీదకే తిరిగేది. అతను ఎవరో తెలుసుకోవడానికి, ముందే అతని మీద తుపాకీ ఎక్కుపెట్టినట్టే. నాలుగు సేఫ్టీ సూత్రాల్లో రెండోది ఏమంది? నాశనం చెయ్యడానికి సిద్ధపడని దేని మీదికీ మూతి తిప్పొద్దంది. నాలుగోది, టార్గెట్ ఎవరో, దాని వెనక ఏముందో తేల్చుకున్నాకే కాల్చమంది. ఎవరో తేల్చుకోవడానికి మూతి తిప్పితే నాలుగోదాని కోసం రెండోదాన్ని విరిచినట్టు.

టెక్సాస్ చట్టం కూడా చూడు. పీనల్ కోడ్ 22.05, డెడ్లీ కాండక్ట్. తెలిసి ఒకరి వైపు తుపాకీ చూపిస్తే, అది లోడై ఉందని నువ్వు నమ్మినా నమ్మకపోయినా, నిర్లక్ష్యం, ప్రమాదం రెండూ ఉన్నట్టే భావిస్తారు. క్లాస్ ఏ మిస్‌డిమీనర్, ఏడాది దాకా జైలు. గ్రీన్ కార్డు మీద ఉన్నవాడికి తుపాకీకి సంబంధించిన నేరం రుజువైతే దేశం నుంచి పంపించే కేసు దాకా పోవచ్చు. "నేను లైటు మాత్రమే వేశాను" అన్న మాట అక్కడ ఎంతవరకు నిలబడుతుందో లాయర్ని అడుగు.

వెతకడానికి చేతిలో టార్చి. ప్రమాదం ఉందని తేలాక, తప్పదనుకున్నాక మాత్రమే గన్ లైటు. రెండూ కావాలి, వేటి పని వాటిదే.

ఓరుగల్లు_బిడ్డ (ఫ్రిస్కో, టెక్సాస్)
సోమవారం, ఉదయం 8:50

శ్రీనన్నా, మీరు చెప్పింది కరెక్టే. కానీ ఒక చేతిల టార్చి, ఇంకో చేతిల పిస్టలు, 911కి ఫోన్ ఎట్ల చేస్తడు? తలుపు ఎట్ల తీస్తడు? పిల్లగాన్ని పట్టుకోవాలంటే? నేను రాత్రి క్లాసుకు పోయిన. హ్యారీస్ పద్ధతి అని మణికట్లు ఒకదాని మీద ఒకటి వెనకపక్కలు ఆనించి పట్టుకోవాలె. పది నిమిషాలకే నా చేతులు వణికినయ్. గన్ మీద లైటుంటే రెండు చేతులతోని గట్టిగ పట్టుకోవచ్చు. గందుకే చానమంది పోలీసోళ్ళు గన్ల మీద పెట్టుకుంటున్నరు.

రేంజ్_సేఫ్టీ_శ్రీను (హ్యూస్టన్, టెక్సాస్)
సోమవారం, మధ్యాహ్నం 12:30

మంచి ప్రశ్న. నా జవాబు: ఎవరో తెలియనంత వరకు రెండో చేతిలో పిస్టలు ఎందుకు? అది హోల్‌స్టర్లో (నడుముకి కట్టుకునే ఒరలో) ఉంటుంది. అప్పుడు ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో ఫోను. హ్యారీస్ కష్టంగా ఉంటే టార్చిని దవడ కింద, మెడకి ఆనించి పట్టుకునే పద్ధతి నేర్చుకో. తల ఎటు తిరిగితే వెలుగు అటే తిరుగుతుంది. కొత్తవాళ్ళకి నేను అదే చెప్తాను.

పోలీసులన్నావు కాబట్టి మీ ఊళ్ళ దగ్గరిదే చెప్తా. 2010లో ప్లేనోలో ఒక పోలీసు అధికారి గన్ లైటు వేయబోయి ట్రిగ్గర్ నొక్కాడు. ఎదుటి మనిషి చనిపోయాడు. ట్రిగ్గర్ గార్డు కింద, మధ్య వేలితో నొక్కే స్విచ్ అది. చేతిలో వేళ్ళు ఒకదానితో ఒకటి కలిసి బిగుసుకుంటాయి, భయంలో ఇంకా ఎక్కువ. అందుకే నొక్కుడు స్విచ్ పిడి మీద ఉండే రకం నేను ఎవరికీ చెప్పను. లైటు వెనక మీట ఉండే రకం, అదీ ట్రిగ్గర్ వేలు కాకుండా రెండో చేతి బొటనవేలితో వేసేది. తీసుకున్నాక ఖాళీ తుపాకీతో, తూటాలు వేరే గదిలో పెట్టి, వందసార్లు ప్రాక్టీస్ చెయ్యాలి.

సుజన_కేటీ (కేటీ, టెక్సాస్)
సోమవారం, రాత్రి 8:10

రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచించి రాస్తున్నాను.

పోయిన మార్చిలో మా నాన్నగారు నరసరావుపేట నుంచి వచ్చారు. వచ్చిన మూడో రోజు. ఆయనకి జెట్ లాగ్, తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ. మమ్మల్ని లేపడం ఎందుకని మెల్లగా వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. చలని తలకి మఫ్లర్ చుట్టుకున్నారు. చేతిలో స్టీలు చెంబు. కెమెరా అలర్ట్ వచ్చి మా వారు లేచారు. ఫోన్లో బూడిదరంగు మనిషి, మొహం కప్పుకుని, చేతిలో ఏదో. నాన్నగారు గదిలో నిద్రపోతున్నారనే మా ఇద్దరి నమ్మకం.

మా వారు పిస్టలు తీసుకుని వెనక తలుపు దగ్గర నుంచి దాని లైటు వేశారు. నాన్నగారికి కళ్ళు బైర్లు కమ్మి చెయ్యి పైకెత్తి అడ్డం పెట్టుకున్నారు. చెంబు తళుక్కుమంది. మా వారు ఇంగ్లీషులో గట్టిగా అరిచారు, కింద పడెయ్యమని. నాన్నగారికి అర్థం కాలేదు, ఆ గొంతు అల్లుడిదని కూడా తెలియలేదు. ఇటువైపు రెండడుగులు వేశారు. నేను వెనక నుంచి "నాన్నా" అని కేక పెట్టాను. ఆయన "నేనేనమ్మా" అన్నారు.

మా వారు ఆ తెల్లవారి దాకా గ్యారేజీలో కూర్చున్నారు. నాన్నగారికి ఆ లైటు తుపాకీదని ఈ రోజుకీ తెలియదు. 

మా లైటు 1000 ల్యూమెన్లదే. దూరం 30 అడుగులు కూడా ఉండదు. వెలుగు సరిపోకపోవడం కాదు జరిగింది. ముందే మనసులో దొంగ అని పడిపోతే, ఎంత వెలుగులోనైనా దొంగే కనపడతాడు. దయచేసి ముందు గదులు చూడండి, ఇంట్లో వాళ్ళని లెక్కపెట్టుకోండి. అరిచేటప్పుడు తెలుగులో కూడా అరవండి.

మేకల_దొడ్డి (ఆబ్రీ, టెక్సాస్)
సోమవారం, రాత్రి 8:45

అక్కా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా అమ్మానాన్న జనవరిలో వస్తున్నారు. మా నాన్న కూడా అంతే, నాలుగింటికల్లా లేచి బయట తిరుగుతారు. ఇంతవరకు నాకు ఆ ఆలోచనే రాలేదు.

కృష్ణా_కరకట్ట (కాన్సస్ సిటీ, మిస్సోరి)
సోమవారం, రాత్రి 10:20

సుజన గారూ, రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

మా ఊళ్ళో 2023 ఏప్రిల్లో ఒక 16 ఏళ్ళ కుర్రాడు తమ్ముళ్ళని తీసుకురావడానికి వెళ్ళి, పొరపాటున వేరే ఇంటి గంట కొట్టాడు. రాత్రి 10 గంటల వేళ. ఇంట్లో పెద్దాయన తలుపులోంచే కాల్చాడు. పిల్లవాడు బతికాడు. రెండు రోజుల తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలో హెబ్రన్ అనే పల్లెలో దారి తప్పి ఒకరి వాకిట్లోకి తిరిగిన బండిలో ఉన్న 20 ఏళ్ళ అమ్మాయిని కాల్చి చంపారు. బండి వెనక్కి తిరిగి పోతుండగా. కాల్చినాయనకి మరుసటేడు 25 ఏళ్ళ నుంచి జీవితాంతం శిక్ష పడింది. 1992లో బేటన్ రూజ్‌లో హాలోవీన్ పార్టీ అనుకుని వేరే ఇంటికి వెళ్ళిన 16 ఏళ్ళ జపాన్ విద్యార్థి సంగతీ అంతే.

రాత్రిపూట గేటు దగ్గర ఆగే బండి దారి తప్పినదే అయ్యుండొచ్చు. పల్లెదార్లలో ఫోన్ మ్యాప్ సగంలో ఆగిపోతుంది, దిగి ఇంటి నంబరు చూసుకుంటారు. మీ పికప్ మనిషి కూడా నిమిషంలో వెళ్ళిపోయాడన్నారు.

మా నాన్న దగ్గర మూడు సెల్లుల టార్చి ఉండేది. త్రీ ఫేజ్ కరెంటు రాత్రి పూట ఇచ్చే రోజులు. మోటారు వెయ్యడానికి కరకట్ట మీద పోతుంటే ఎదురుగా ఎవరన్నా వస్తే ముందు "ఎవరదీ?" అని కేక, తర్వాత కాళ్ళ దగ్గర లైటు. మొహం మీద వేస్తే తిట్టేవాళ్ళు. అవతల మనిషి కూడా పేరు, ఊరు చెప్పేవాడు. కేకకి జవాబు ఎలా వచ్చిందన్న దాన్ని బట్టే సగం తెలిసిపోయేది.

లక్స్_లెక్క (ప్లేనో, టెక్సాస్)
మంగళవారం, ఉదయం 7:30

కాళ్ళ దగ్గర వెలుగు వెయ్యడం గురించి ఒక మాట. అది ఇప్పటి లైట్లకి ఇంకా బాగా పనిచేస్తుంది. గట్టి టార్చిని మనిషికి కొంచెం ముందు నేల మీద వేస్తే, చుట్టూ పరుచుకునే వెలుగు నడుము, చేతుల దాకా పైకి వస్తుంది. చేతులు కనపడతాయి, అతని కళ్ళు చెదరవు, మన మాట వింటాడు. ఇదే కంకర వాకిలి మీద, గడ్డి మీద, తారు మీద వేరు వేరుగా ఉంటుంది. తారు వెలుగుని మింగేస్తుంది.

నేను తప్పుగా చెప్పిన చోటు కూడా సరిదిద్దుకుంటా. నా లక్స్ లెక్క శుభ్రమైన గాలికి. హ్యూస్టన్ తేమలో, పొగమంచులో, దుమ్ములో వెలుగు తిరిగి మన కళ్ళలోకే వస్తుంది. ఇంట్లోంచి కిటికీ గుండా వేస్తే అద్దం, దోమల జాలీ రెండూ తిప్పికొడతాయి, బయట ఏమీ కనపడదు. దగ్గర్లో తెల్ల కారు ఉన్నా, గేటు ఊచలున్నా అంతే. వరండా లైటు కింద నిలబడి చీకట్లోకి చూడొద్దు. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి వెలుగు చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

వైజాగ్_వసంత (ఇర్వింగ్, టెక్సాస్)
మంగళవారం, ఉదయం 11:15

మా తమ్ముడు హెచ్-1బీ మీద ఉన్నాడు, మా ఇంట్లోనే ఉంటాడు. నేనూ మా వారూ లేనప్పుడు పిస్టలు వాడొచ్చా? ఈ చర్చలోనే అడిగేస్తున్నాను, ఏమనుకోవద్దు.

రేంజ్_సేఫ్టీ_శ్రీను (హ్యూస్టన్, టెక్సాస్)
మంగళవారం, మధ్యాహ్నం 1:05

వద్దమ్మా. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, అందరికీ. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, కానీ లాయర్ చెప్పకుండా వాటి మీద ఆధారపడొద్దు. శిక్ష 15 ఏళ్ళ దాకా ఉంది. తాళం చెవి, నంబరు అతనికి తెలియని సేఫ్‌లో పెట్టండి. టార్చి ఒకటి కొనివ్వండి, దానికి ఏ వీసా అడ్డం రాదు.

గుత్తి_కోట (ఆస్టిన్, టెక్సాస్)
మంగళవారం, సాయంత్రం 6:40

నేను మొదట రాసిన దాంట్లో చేతి టార్చి మాటే ఎత్తలేదు. సుజనక్క రాసింది చదివినాక నిన్న రాత్రి మా ఇంట్లో మార్చేసినా. మంచం పక్కన ముందు చేతికి తగిలేది టార్చి, పిస్టలు సేఫ్‌లోకి పోయింది.

బ్యాటరీల గురించి చెప్పి వెళ్తా. టీఎల్ఆర్-1 హెచ్ఎల్‌కు రెండు సీఆర్123ఏ బ్యాటరీలు, గంటన్నర వస్తుంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి వేయాల. పాతదొకటి కొత్తదొకటి వేస్తే లిథియం బ్యాటరీ వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. నెలకొకసారి వేసి చూడాల. గన్ లైటుకు రేంజ్‌లో కాల్చినాక అద్దం మీద మసి పట్టుకుంటాది, చూస్తూ చూస్తూ వెలుగు సగమైపోతాది. కాల్చకముందు పెదాలకు రాసుకునే బామ్ అద్దం మీద పలచగా పూస్తే తర్వాత బట్టతో తుడిస్తే వచ్చేస్తాది. లైటు పెడితే పాత హోల్‌స్టర్ పట్టదు, ఆ లైటు మోడల్‌కు చేసిందే కొనాల.

ఓరుగల్లు_బిడ్డ (ఫ్రిస్కో, టెక్సాస్)
మంగళవారం, రాత్రి 9:30

ఇంకొకటి కూడ రాయాలె. 911కి చేస్తే పోలీసోళ్ళు వస్తరు. వాళ్ళకు మనం ఎవరో తెల్వది. చీకట్ల ఒకడు గన్ పట్టుకొని లైటు వేస్తున్నడంటే వాళ్ళకు మనమే దొంగ లెక్క కనబడతం. ఫోన్ల ఉన్నప్పుడే మన బట్టల రంగు, ఎక్కడ ఉన్నమో చెప్పాలె. వాళ్ళు వచ్చేసరికి గన్ లోపల పెట్టేయాలె. శ్రీనన్నతోని ఇగ నాకు పంచాయితి లేదు.

మేకల_దొడ్డి (ఆబ్రీ, టెక్సాస్)
తర్వాతి ఆదివారం, రాత్రి 10:50

వారం తర్వాత వచ్చాను, చేసింది చెప్తాను.

శుక్రవారం రాత్రి చంద్రుడు లేడు. పిస్టలు సేఫ్‌లో పెట్టి తాళం వేశాను. స్నేహితుల దగ్గర టీఎల్ఆర్-7ఏ, టీఎల్ఆర్-1 హెచ్ఎల్ అడిగి తెచ్చాను, తుపాకీ లేకుండా లైట్లు మాత్రమే. మోడ్‌లైట్ ఓకేడబ్ల్యూ చేతి టార్చి కొన్నాను, 680 ల్యూమెన్లే గానీ 69,000 కాండెలా. మా ఆవిడ ఐదు వస్తువులు సంచిలో వేసుకుని గేటు దగ్గర నిలబడింది: ఫోను, టీవీ రిమోటు, నల్ల పర్సు, గరిటె, వంటింటి కత్తి. ఏదో ఒకటి తీసి పట్టుకుంటుంది, నేను వరండా నుంచి చెప్పాలి.

200 అడుగుల దగ్గర టీఎల్ఆర్-7ఏతో మనిషని తప్ప ఏమీ తెలియలేదు. టీఎల్ఆర్-1 హెచ్ఎల్‌తో చెయ్యి పైకెత్తిందా దించిందా తెలిసింది, వస్తువు ఐదింటిలో ఒకటి చెప్పగలిగాను, అది గరిటె, మెరిసింది కాబట్టి. చేతి టార్చితో ఐదింటిలో మూడు. రిమోటుని కత్తి అన్నాను. అంత వెలుగులో, అంత తీరిగ్గా, ఎదురుగా ఉన్నది మా ఆవిడే అని తెలిసి కూడా. 45 అడుగుల దగ్గర మూడు లైట్లతోనూ అన్నీ సరిగ్గా చెప్పాను.

దాంతో నా ప్రశ్నే మారిపోయింది. గేటు దూరాన్ని ఏ లైటుతోనూ గెలవలేను. గేటు స్తంభానికే సోలార్ మోషన్ లైటు, మాట్లాడే కెమెరా పెట్టాను. గేటు మీద ఇంటి నంబరు పెద్దక్షరాలతో, రాత్రి మెరిసే రకం అతికించాను. దారి తప్పినవాళ్ళు దిగక్కర్లేకుండా. చేతి టార్చి తలుపు పక్కన కొక్కేనికి ఉంది. పిస్టలు మీదకి టీఎల్ఆర్-1 హెచ్ఎల్ తీసుకుంటున్నాను, 45 అడుగుల లోపలికే అనుకుని. వచ్చే నెల రాత్రి క్లాసుకి పేరు ఇచ్చాను.

సుజనక్కా, వెనక తలుపుకి గంట కట్టాను. మేక మెడలోదే. నాన్న తలుపు తీస్తే మా గదిలోకి వినపడుతుంది.

సుజన_కేటీ (కేటీ, టెక్సాస్)
తర్వాతి ఆదివారం, రాత్రి 11:15

మేమూ కడతాం తమ్ముడూ. నాన్నగారు ఏప్రిల్లో మళ్ళీ వస్తున్నారు.